‘ఏమ్మా, లెటర్ కొట్టినావా?’

ప్రశ్న: సార్, మాది ఎర్రగుంట్ల. బీకామ్ అయ్యాక రెండేళ్లుగా ఇక్కడే ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తున్నా. బిల్లులు, ట్యాలీ, జీఎస్టీ నాకు కష్టం కాదు. నా కష్టమంతా ఉత్తరాలతోనే. హోసూరు పార్టీని బాకీ అడగాలన్నా, పగిలిన బండల గురించి ట్రాన్స్‌పోర్టు వాళ్లకు రాయాలన్నా, కరెంటాఫీసులో లోడ్ పెంచమని అడగాలన్నా, కొత్త పార్టీలకు రేట్లు చెప్పాలన్నా నేనే రాయాలి. ఓనరు సారు పొద్దున రాగానే ‘ఏమ్మా, లెటర్ కొట్టినావా?’ అంటాడు. ఏం రాయాలో మాత్రం చెప్పడు. నెట్‌లో నమూనాలు చూసి పేర్లు మార్చి పంపుతున్నా. ఎవరూ జవాబివ్వరు. హోసూరుకు మూడు ఉత్తరాలు రాశాక వాళ్లు ఇప్పుడు ‘మీ బండలు పగిలినవి వచ్చాయి’ అంటున్నారు. పైగా నెల రోజులుగా డ్యూటీకి రాని ఒక ఆపరేటరుకు వార్నింగ్ లెటర్ రాయమంటున్నారు. నా ఇంగ్లీషు బాగాలేకనేనా ఇదంతా? రాసిన ఉత్తరాల కాపీలు జతచేశా. పేరు వెయ్యొద్దు.

జవాబు: అమ్మా, మీ కవరు చించగానే ముందు రాలింది బూడిదరంగు దుమ్ము. పాలిష్ మిషన్ల పక్కన కూర్చుని రాసిన కాగితమని చదవకముందే తెలిసిపోయింది. నేనూ ముప్పై ఏళ్లు అట్లాంటి ఆఫీసులోనే ఫైళ్లు దులుపుకుంటూ ఉత్తరాలు రాసినవాణ్ణి. కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. మీ ఇంగ్లీషుకేమీ రోగం లేదు. మీ ఉత్తరాల్లో విషయమే లేదు.

హోసూరుకు రాసిన మొదటిది చూడండి. ‘విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్’ అని మొదలుపెట్టారు. తర్వాత మీ సంస్థ గొప్ప, వాళ్ల సంస్థ గొప్ప, ఇద్దరి మధ్య ఉన్న చక్కటి సంబంధం, ఇట్లా మూడు పేరాలు. చివర్లో ‘పెండింగ్ అమౌంటును వీలైనంత త్వరగా క్లియర్ చేయగలరు’. ఎంత? ఏ బిల్లుది? ఎప్పటికి? కాగితం వెనక్కి తిప్పి కూడా వెతికాను, లేదు.

మన తాతలు ఉత్తరం మొదట్లో ‘ఇక్కడ మేమంతా క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను, ఉభయకుశలోపరి’ అని రాసేవాళ్లు. ఆ చివరి మాటలో ఒక కిటుకుంది. ఇద్దరి క్షేమమూ అయిపోయింది, ఇక పైన అసలు సంగతి అని అర్థం. పలకరింపు ఒక్క వరుస, ఆ తర్వాత నేరుగా ఆవు ఈనిందనో, పిల్లకు సంబంధం కుదిరిందనో. మీ ఉత్తరంలో ఉభయకుశలం మూడు పేరాలుంది, ‘ఉపరి’ మాత్రం లేదు.

ఇప్పుడు హోసూరు ఆఫీసులోకి వెళ్దాం. మీ కవరు తెరిచేది అక్కడి ఓనరు కాదు. మీలాగే ఒక అకౌంట్స్ పిల్లో, పిల్లాడో. మీలాంటి సప్లయర్లు వాళ్లకు ఒక నలభై మంది ఉంటారు. కాగితం చదివాక ఆ పిల్లాడు చెయ్యాల్సిన పని ఒకటుండాలి: మీ ఖాతా తెరిచి, బిల్లు చూసి, చెక్కో ట్రాన్స్‌ఫరో సిద్ధం చేసి, సంతకానికి పెట్టడం. దానికి కావాల్సిన అంకెలు మీ ఉత్తరంలో లేకపోతే అతను వెతకడు. ‘తర్వాత చూద్దాం’ ట్రేలో పడేస్తాడు. మీరైనా అంతే కదా? పోయిన వారం మీకొచ్చిన కాగితాల్లో ఎన్నింటిని అట్లా పక్కన పెట్టారో గుర్తు చేసుకోండి.

కాబట్టి కీబోర్డు మీద చెయ్యి పెట్టకముందు ఒక్కటే ఆలోచించండి. ఇది చదివిన మనిషి తన టేబుల్ దగ్గర్నుంచి లేవకుండా ఏం చెయ్యాలి? ఆ పని చెయ్యడానికి అతనికి ఏమేం కావాలి? అవి మాత్రమే రాయండి. మీరు పంపిన వివరాలతోనే హోసూరు ఉత్తరం నేనైతే ఇట్లా రాస్తాను:

‘విషయం: బిల్లు నం. 112, తేదీ 8-7-2025, రావలసిన బాకీ రూ. 86,000.

పై బిల్లు కింద రూ. 2,36,000 విలువైన బండలు పంపాం. జూలై 10న మీ గోడౌన్‌లో దించుకున్నట్టు లారీ రసీదు మీద మీ ముద్ర, సంతకం ఉన్నాయి. ఆగస్టు 20న రూ. 1,50,000 జమ అయింది. అనుకున్న 30 రోజుల గడువు ప్రకారం మొత్తం సొమ్ము ఆగస్టు 9 నాటికే రావాల్సింది. మిగిలిన రూ. 86,000 డిసెంబరు 5లోగా కింది ఖాతాలో జమచేసి, యూటీఆర్ (బ్యాంకు ట్రాన్స్‌ఫర్) నంబరు తెలపగలరు. మీ పుస్తకాల్లో ఈ మొత్తం వేరుగా ఉంటే మా ఖాతా కాపీ పంపండి, సరిచూసుకుందాం. జతపరిచినవి: బిల్లు, లారీ రసీదు, మీ పేరిట మా దగ్గరున్న ఖాతా.’

అంతే. దీన్ని ఇంగ్లీషులో పెట్టడానికి మీ ఇంగ్లీషు చాలు. ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు, అంకెలున్నాయి. ‘వీలైనంత త్వరగా’ అనే మాటను మీ కంప్యూటర్లోంచి తీసేయండి. తేదీ వెయ్యండి. వీలు అనేది ఇవ్వాల్సినవాడికి ఎప్పటికీ రాదు.

చివరి నుంచి రెండో వాక్యం ఊరికే మర్యాదకు పెట్టింది కాదు. ‘సరిచూసుకుందాం’ అన్నాక అతను రెండే పనులు చెయ్యగలడు: డబ్బు పంపడం, లేదా లెక్క పంపడం. లెక్క పంపినా మనకు లాభమే. అందులో ఎంత బాకీ చూపితే అంత ఉందని అతని చేత్తోనే రాసిచ్చినట్టవుతుంది.

మీ మూడో ఉత్తరంలో ‘కఠిన చర్యలు తీసుకోబడును’ అని రాశారు. ఏ చర్యో మీకు తెలియదు, వాళ్లకూ తెలియదు. బెదిరించేటట్టయితే నిజంగా చెయ్యగలిగింది చెప్పాలి, లేకపోతే ఆ మాటే ఎత్తొద్దు. మీకు చేతిలో నిజమైన ఆయుధమే ఉంది, మీ ఓనరు దాన్ని బీరువాలో పెట్టి మరిచిపోయినట్టున్నాడు. మీ ఫ్యాక్టరీకి సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం, 2006 మీ పక్షాన ఉంటుంది. ఒప్పందంలో ఎన్ని రోజులు రాసుకున్నా, సరుకు అందుకున్న నాటి నుంచి 45 రోజులు మించి ఆపడానికి కొన్నవాడికి వీల్లేదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. అది ఇట్లాంటి బాకీ తగాదాలు తేల్చే మన రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వస్తుంది. కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా సరే, అమ్మినవాడి ఊరే లెక్క. మీరు హోసూరు కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు.

ఇంకోటి, ఇది వాళ్ల ఓనరు కంటే వాళ్ల ఆడిటరుకు తగులుతుంది. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటించి బాకీ పెట్టిన సొమ్మును కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. మార్చి లోపల కట్టకపోతే ఆ మేరకు ఆ ఏడాది ఆదాయం పెరిగినట్టు పన్ను పడుతుంది. ఉత్తరంలో ‘మాది ఉద్యమ్‌లో నమోదైన చిన్న సంస్థ, నంబరు ఇది’ అని ఒక్క వరుస వేసి, నకలు వాళ్ల అకౌంట్స్ విభాగానికి పెట్టండి. బెదిరింపు అక్కర్లేదు. ఆ వరుస చదవగానే ఏం చెయ్యాలో ఆడిటరుకు తెలుసు. అయితే ఒక హెచ్చరిక. సరుకు పంపే నాటికే ఆ రిజిస్ట్రేషన్ ఉంటే ఏ పేచీ ఉండదు. తర్వాత తీసుకున్నదైతే దాన్ని ఉత్తరంలో ఎత్తకముందు మీ ఆడిటరుతో ఒక మాట మాట్లాడండి.

ఇక ‘పగిలిన బండలు’ అన్న సాకు. సరుకు జూలై 10న దిగింది. వాళ్లు పగిలాయని మొదటిసారి అన్నది నవంబరులో, అదీ ఫోన్లో. ఆ 2006 చట్టం ప్రకారం సరుకు మీద అభ్యంతరం ఏదున్నా, దించుకున్న 15 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే సరుకు దిగిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. కాబట్టి వాళ్లతో వాదన పెట్టుకోకుండా రెండు వరుసలు రాయండి: ‘జూలై 10న సరుకు దించుకున్న తర్వాత 15 రోజుల్లో మీ నుంచి మాకు ఎలాంటి రాతపూర్వక అభ్యంతరమూ అందలేదు. అట్లాంటిది పంపి ఉంటే దాని నకలు, పంపిన తేదీ తెలపగలరు.’ ఇందులో ‘మీరు అబద్ధమాడుతున్నారు’ అన్న మాట లేదు. కర్ర విరగలేదు, పాము సంగతి వాళ్లే చూసుకుంటారు. రేపు మళ్లీ ఆర్డరు ఇచ్చేది ఆ పార్టీనే అనుకుని రాయాలి. ఇస్తారు కూడా, నేను ఎన్నోసార్లు చూశాను.

వసూళ్ల గురించి ఇంతసేపు చెప్పానంటే, ఆఫీసు ఉత్తరాల్లో సగం అవే కాబట్టి. దీన్ని వదిలేముందు మీరు ఒక్కసారైనా రాయని ఉత్తరం ఒకటి చెబుతాను. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. ప్రతి ఏప్రిల్లో, బాకీ ఉన్న ప్రతి పార్టీకి: ‘మార్చి 31 నాటికి మా పుస్తకాల ప్రకారం మీరు ఇవ్వాల్సింది ఇంత. సరిగా ఉంటే కింద సంతకం, ముద్ర, తేదీ వేసి ఒక కాపీ పంపగలరు.’ ఇది గొడవ లేని ఉత్తరం. ఆడిట్ కోసమని అడుగుతాం కాబట్టి ఎవరూ ముఖం మాడ్చుకోరు. అమ్మిన సరుకు డబ్బు కోసం కోర్టుకు వెళ్లడానికి మామూలుగా మూడేళ్లే గడువు. ఆ గడువు తీరకముందు బాకీ ఉందని సంతకం పెట్టి రాసిస్తే, ఆ సంతకం రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. ఆ సంతకాలు లేక లక్షలు పోగొట్టుకున్న ఫ్యాక్టరీలు మన ముద్దనూరు, ఎర్రగుంట్ల రోడ్డు మీదే ఉన్నాయి.

కొత్త పార్టీలకు పంపే రేట్ల ఉత్తరం గురించి అడిగారు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కోయంబత్తూరు వైపు ఒక పార్టీకి కొటేషన్ రాశాను. నాపరాయి బండ, ఒకవైపు పాలిష్, చదరపు అడుగు ఇంత అని రాసి పంపేశాను. వాళ్లు ఆర్డరిచ్చారు, అందరం సంతోషించాం. లారీ లోడయ్యే రోజున హమాలీ ఎవరు కట్టాలన్న మాటొచ్చింది. వాళ్లు ఉత్తరం తీసి చూపించారు: ‘రేటులో వేరేగా హమాలీ అని రాయలేదే?’ లారీ బాడుగ కూడా మేమే అనుకున్నారు. పన్ను సంగతి మరీ దారుణం. మొత్తం మీద ఆ లోడుకు మేము ఎదురు కట్టాం. ఓనరు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఉత్తరం ఆఫీసు కాపీని మాత్రం గోడకు దబ్బనంతో గుచ్చి పెట్టాడు. ఆరు నెలలు నా కళ్లెదుటే ఉండింది.

అప్పటి నుంచి నా కొటేషన్లో పార్టీ అడగబోయే ప్రశ్నలన్నిటికీ జవాబు ముందే ఉండేది. ఏ రాయి, ఏ రంగు, మందం ఎన్ని మిల్లీమీటర్లు, పాలిష్ ఒకవైపా రెండువైపులా, అంచులు మిషన్ కటింగా చేతి కటింగా. రేటు ఫ్యాక్టరీ గేటు దగ్గరా, మీ గోడౌన్ దగ్గరా. హమాలీ, బాడుగ, జీఎస్టీ కలిపా, విడిగానా. దారిలో పగిలితే ఎవరి మీద. అడ్వాన్సెంత, మిగతాది ఎన్ని రోజుల్లో. ముఖ్యంగా, ఈ రేటు ఏ తేదీ వరకు. డీజిల్ పెరిగి, క్వారీలో రాయి రేటు పెరిగి, ఆరు నెలల తర్వాత ఎవరైనా మీ పాత కాగితం పట్టుకుని ‘ఇదే రేటుకివ్వండి’ అంటే మీకు అడ్డం పడేది ఆ ఒక్క తేదీనే. ‘ఒకటి రెండు బండల్లో సహజమైన గీతలు, రంగు తేడాలు ఉంటాయి’ అన్న వాక్యం కూడా మరవొద్దు. రాయి భూమిలోంచి వస్తుంది, అచ్చులోంచి కాదు. బొంబాయిలో వంటింటి గట్టుకు ‘కడప్పా’ అని పేరు పెట్టి మన రాయి అడిగేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

ట్రాన్స్‌పోర్టు వాళ్లకు మీరు రాసింది ఫిర్యాదు కాదమ్మా, ఏడుపు. ‘మీ నిర్లక్ష్యం వల్ల మాకు తీవ్ర నష్టం, మా పేరు పాడైంది’ అని ఉంది. ఎన్ని బండలు పగిలాయి? లెక్క లేదు. లారీ రసీదు నంబరు లేదు. దీనికి చట్టంలో ఒక గడువుంది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, సరుకు పోయినా పాడైనా, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా ట్రాన్స్‌పోర్టు కంపెనీకి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాత కేసు వేసే దారి మూసుకుపోతుంది. మీ ఈ లోడు, హోసూరుది కాదు, సెప్టెంబరు 3న బుక్కయింది. అంటే 2026 మార్చి 2 వరకు సమయముంది. అంతవరకు ఆగొద్దు, ఈ వారమే పంపండి. రసీదు నంబరు, బుకింగ్ తేదీ, లారీ నంబరు, ఎక్కించినవి ఎన్ని, మంచివిగా దిగినవి ఎన్ని, పగిలినవి ఎన్ని, వాటి విలువ ఎంత, దించేటప్పుడు రసీదు మీద డ్రైవరు ముందు ఏమని రాశారు, ఫొటోలు, చివర్న ‘ఈ మొత్తం ఈ తేదీలోగా చెల్లించగలరు’. డ్రైవరు తాగి ఉన్నాడని మీ సూపర్‌వైజరు చెప్పిన మాట రాయకండి. చూసింది మీరు కాదు, రుజువు చెయ్యలేరు. నిజమైన అంకెల పక్కన ఒక్క వట్టి మాట ఉంటే, అవతలి వకీలు ఆ వట్టి మాటనే పట్టుకుంటాడు.

కరెంటాఫీసు ఉత్తరం ఇంగ్లీషులో ఎందుకు రాశారు? తెలుగు మన రాష్ట్రంలో అధికార భాష అయ్యి 1966 నుంచి చట్టమే ఉంది. లోడ్ పెంచమన్న కాగితం మీద సంతకం పెట్టాల్సినవాళ్లు మీ చుట్టుపక్కల వాళ్లే, తెలుగులో చదువుతారు. పేరు రాయకుండా పదవికి రాయండి. బదిలీ అయితే ఆయన పేరు మీదున్న ఉత్తరం ఆయన వెనకే ఇంకో ఊరికి పోతుంది. పైన సర్వీసు నంబరు, ఇప్పుడున్న లోడు, కావలసిన లోడు, ఏ మిషన్ కోసం. తెలుగులో రాసినా ఆ నాలుగూ లేకపోతే ఫైలు కదలదు. ఒక ఉత్తరంలో ఒకటే సంగతి. మీరేమో లోడ్ పెంచమని అడుగుతూ అదే కాగితంలో మీటరు తప్పు తిరుగుతోందనీ, పోయిన నెల బిల్లు ఎక్కువొచ్చిందనీ కలిపేశారు. ఆ మూడూ ముగ్గురి టేబుళ్లు. మొదటి టేబుల్ దగ్గరే కాగితం ఆగిపోయి ఉంటుంది.

తీసుకెళ్లి ఇచ్చేటప్పుడు రెండు కాపీలు పట్టుకుపొండి. తపాల్ సెక్షన్లో ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. అక్కడి మనిషి విసుక్కుంటాడు, నవ్వి నిలబడండి. తర్వాత ఎప్పుడు వెళ్లినా ‘మా లెటర్ ఏమైంది సార్’ అని అడక్కుండా ‘ఫలానా ఇన్‌వార్డ్ నంబరు ఏ టేబుల్ మీదుంది’ అని అడగొచ్చు. మొదటిదానికి ‘చూస్తాం’ అంటారు, రెండోదానికి రిజిస్టరు తెరవాల్సి వస్తుంది. బయటి ఊళ్ల పార్టీలకైతే వాట్సాప్ పెట్టండి, మెయిల్ పెట్టండి, ముఖ్యమైనది మాత్రం స్పీడ్ పోస్టులో కూడా వెయ్యండి. మీ ఓనరు ‘రిజిస్టర్ పోస్టే కావాల’ అంటే, 2025లో దాన్ని స్పీడ్ పోస్టులోనే కలిపేశారని చెప్పండి. రసీదు ఉత్తరం కాపీకే పిన్ను కొట్టండి. విడిగా సొరుగులో వేస్తే అది దొరికేది మీరు ఉద్యోగం మానేశాక.

ఫోన్లో మాట్లాడినవాటికి కూడా ఉత్తరం ఉంటుందని మీ ఆఫీసులో ఎవరికీ తెలిసినట్టు లేదు. మీ ఓనరు, హోసూరాయన ఫోన్లో ఏవేవో అనుకున్నారని రాశారు. ఏమనుకున్నారో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు. నోటి మాట నీటి మూట. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో మీరు రాయాల్సింది మూడు వరుసలు: ‘ఈ రోజు ఉదయం ఫోన్లో మాట్లాడుకున్న ప్రకారం, 40,000 ఈ శుక్రవారం, మిగతా 46,000 డిసెంబరు 20న పంపుతామన్నారు. ఇందులో తేడా ఉంటే ఈ రోజే తెలపగలరు.’ వాట్సాప్‌లో అయినా సరే. దాన్ని కాదనడం అతనికి కష్టం, మరిచిపోవడం ఇంకా కష్టం.

ఇక ఆ ఆపరేటరు సంగతి. మీ ఓనరు చెప్పిన మాటలు, ‘బాధ్యత లేదు, లెక్క లేదు, తిన్నింటి వాసాలు’ వగైరా, అన్నీ విన్నట్టు తల ఊపి, ఒక్కటీ రాయకండి. ముందు ఫోన్ చెయ్యండి, దొరక్కపోతే ఇంటికి మనిషిని పంపండి. పాలిష్ మిషన్ మీద పనిచేసేవాడు నెల రోజులు రాలేదంటే ఒంట్లో ఎట్లుందో తెలియాలి. ఆ తర్వాత కూడా రాయాల్సి వస్తే తెలుగులో రాయండి. అతను చదవలేని ఇంగ్లీషులో పంపి ‘నోటీసిచ్చాం’ అనుకోవడం అన్యాయం, పైగా రేపు ఎక్కడా నిలబడదు. ఏ తేదీ నుంచి రాలేదు, ఎన్నిసార్లు ఏ తేదీల్లో ఫోన్ చేశారు, సెలవు చీటీ అందిందా లేదా, ఏడు రోజుల్లోగా కారణం రాసి ఇవ్వాలి లేదా వచ్చి చెప్పాలి. అంతవరకే. ‘రాకపోతే తీసేసినట్టే’ అని మీరు రాయకండి. అది వకీలుతో మాట్లాడాక ఓనరు నిర్ణయించాల్సింది, మీ కీబోర్డు మీద జరగాల్సింది కాదు. కోపంలో రాసిన ఉత్తరం ఏదైనా సరే ఒక రాత్రి సొరుగులో పడుకోనివ్వండి. మీ ఓనరు కోపమైతే రెండు రాత్రులు.

ఆయన దగ్గర్నుంచి విషయం ఎట్లా రాబట్టాలంటారా? ‘లెటర్ కొట్టినావా’ అనగానే ‘కొడతా సార్, మూడు చెప్పండి’ అనండి. వాళ్లు ఏం చెయ్యాలి? ఏ తేదీకి? చెయ్యకపోతే మనం నిజంగా ఏం చేస్తాం? మొదట్లో ‘అదే, నీకు తెలుసు కదమ్మా’ అంటాడు. నాలుగుసార్లు అడిగితే అలవాటవుతుంది. మూడో ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేకపోతే, ఆ బెదిరింపు పేరా రాయాల్సిన పని మీకు తప్పుతుంది. రాసిన తర్వాత సంతకం ఆయనతోనే పెట్టించండి, మీరు పెట్టకండి. బాకీ ఉత్తరాలు, వార్నింగులు మీ సంతకంతో పోతే రేపు సాక్ష్యానికి పిలుపు వచ్చేది మీకే.

నెట్ నమూనాల మీద నాకు కోపం లేదు. చిరునామా ఎక్కడ, విషయం ఎక్కడ, సంతకం ఎక్కడ అన్నది చూసుకోవడానికి పనికొస్తాయి. సెలవు చీటీకి, రాజీనామాకు అవి చాలు కూడా. రాజీనామాలో చివరి పనిరోజు తేదీ ఉంటే సరిపోతుంది, ఎందుకు మానేస్తున్నారో చెప్పక్కర్లేదు.

అన్నట్టు మీ లెటర్‌హెడ్ ఇప్పుడే మళ్లీ చూశాను. కడప పేరు ఇంగ్లీషులో ఇంకా ఆ పాత దొరల స్పెల్లింగే (Cuddapah) ఉంది. అది 2005లోనే మారింది. కింద ఉన్న ల్యాండ్‌లైన్ నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. కొత్తవి అచ్చు వేయించేటప్పుడు స్పెల్లింగు సరిచేయించి, ఉద్యమ్ నంబరు, జీఎస్టీ నంబరు, మీరు రోజూ చూసే మెయిల్ ఐడీ వేయించండి. పాత కట్ట పారెయ్యొద్దు, వెనకవైపు లోడింగ్ చీటీలు రాసుకోవడానికి బాగుంటుంది.